పీ0456 కోడ్ వస్తే కానిస్టర్ మార్చాలా? పెట్రోలు ఆవిరి లీకును పట్టుకునే పద్ధతి

మీరు అడిగినది క్లుప్తంగా ఇదీ. డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఉంటున్నారు. కారు 2013 మోడల్, పెట్రోలుది, లక్షా పదివేల మైళ్ళు తిరిగింది. మూడు నెలలుగా చెక్ ఇంజన్ లైటు వెలుగుతోంది, స్కానర్ పెడితే పీ0456 అని, అంటే పెట్రోలు ఆవిరి ఎక్కడో అతి సన్నగా లీకవుతోందని చూపిస్తోంది. పెట్రోలు మూత రెండుసార్లు మార్చారు, కోడ్ చెరిపించారు, రెండు వారాలు తిరక్కుండానే అది మళ్ళీ వచ్చింది. ఒక గ్యారేజీవారు కానిస్టర్, అంటే ఆ ఆవిరిని పట్టి ఉంచే బొగ్గు డబ్బా, మొత్తం మార్చాలన్నారు. ఎమిషన్ (కాలుష్య) తనిఖీకి ఆరు వారాల గడువుంది. ఇవన్నీ రాసి, చివర్లో పెద్దగా పట్టించుకోనక్కర్లేని సంగతి అన్నట్టుగా, ఫుల్ ట్యాంకు కొట్టించిన వెంటనే మాత్రం బండి స్టార్ట్ కావడానికి మొరాయిస్తుందని ఒక వాక్యం చేర్చారు. మీ ప్రశ్న మొత్తంలో నాకు అన్నిటికంటే పనికొచ్చిన వాక్యం అదే. కానిస్టర్‌కు డబ్బు కట్టేముందు ఆ వాక్యం ఎటు చూపిస్తోందో చూద్దాం.

నేను విజయవాడ ఆటోనగర్‌లో కార్బురేటర్లు విప్పుతూ పని నేర్చుకున్నవాణ్ణి, అమెరికా వచ్చాక పందొమ్మిదేళ్ళుగా ఎక్కువగా ఇలాంటి లైట్ల వెంటే తిరుగుతున్నాను. ఈ వ్యవస్థ మీద ఇంత చిరాకు ఎందుకు పుడుతుందో నాకు తెలుసు. బండి బాగానే నడుస్తుంది, మైలేజీ తగ్గదు, పొగ రాదు, అయినా లైటు ఆరదు. కారణం ఏమిటంటే ఈ కోడ్‌తో వెలిగేది ఇంజన్ ఆరోగ్యానికి సంబంధించిన లైటు కాదు, ట్యాంకు ఎంత గట్టిగా మూసుకుని ఉందో చెప్పే లైటు.

పెట్రోలు ఎప్పుడూ ఆవిరవుతూనే ఉంటుంది. బండి కదలకుండా ఎండలో నిలబడి ఉన్నా ట్యాంకులో ద్రవం వేడెక్కి ఆవిరి పెరుగుతుంది, రాత్రి చల్లబడి తగ్గుతుంది. దూరం నడిపి ఆపిన తర్వాత ఇంజన్ వేడికి ఇంకొంత పుడుతుంది, పెట్రోలు పోస్తున్నప్పుడు ద్రవం లోపలికి దిగినకొద్దీ అంతే పరిమాణంలో ఆవిరి బయటికి నెట్టబడుతుంది. పాతకాలపు కార్లలో ఇదంతా మూతకున్న రంధ్రం గుండా, కార్బురేటర్ బౌల్ గుండా గాలిలో కలిసిపోయేది. లాస్ ఏంజెలెస్ మీద కమ్ముకునే పొగమంచుకు మూలం వెతికినప్పుడు, సైలెన్సర్ నుంచి వచ్చే వాయువులతోపాటు ఈ హైడ్రోకార్బన్ ఆవిర్లు కూడా ఎండలో నైట్రోజన్ ఆక్సైడ్లతో కలిసి ఓజోన్‌గా మారుతున్నాయని తేలింది. దాంతో కాలిఫోర్నియా 1970 మోడల్ కార్లకూ, అమెరికా మొత్తం మీద 1971 మోడల్ కార్లకూ ఆవిరిని పట్టి ఉంచే ఏర్పాటు తప్పనిసరి అయింది. అప్పటి నుంచి ఇప్పటి వరకూ ఆ ఏర్పాటుకు గుండెకాయ ఒక్కటే: బొగ్గు నింపిన డబ్బా, అంటే కానిస్టర్.

ఆ డబ్బాలో ఉండేది ఉత్తేజిత బొగ్గు. ఒక గ్రాము బొగ్గులోని సూక్ష్మ రంధ్రాల గోడలన్నీ పరిచి కొలిస్తే వెయ్యి చదరపు మీటర్లకు పైగా ఉంటుంది. పెట్రోలు ఆవిరి ఆ గోడలకు అంటుకుని నిలుస్తుంది, గాలి మాత్రం దాటి బయటికి పోతుంది. స్పంజి నీటిని పీల్చుకున్నట్టు పీల్చుకోవడం కాదిది, అద్దం మీద ఆవిరి పేరుకున్నట్టు ఉపరితలానికి పట్టుకోవడం. అందుకే దాన్ని మళ్ళీ విడిపించడం కూడా తేలిక, పైనుంచి శుభ్రమైన గాలి లాగితే చాలు. బొగ్గు అలా నిండుతూ ఖాళీ అవుతూ ఉంటేనే పదిహేనేళ్ళయినా పనిచేస్తుంది.

ఇప్పుడు రెండు తలుపులను మనసులో పెట్టుకోండి, మిగతా కథంతా వాటి చుట్టూనే తిరుగుతుంది. మొదటిది పర్జ్ వాల్వ్. ఇది కానిస్టర్‌కూ ఇంజన్ ఇంటేక్ మ్యానిఫోల్డ్‌కూ (ఇంజన్‌లోకి గాలి తీసుకెళ్ళే గొట్టాలకు) మధ్య ఉంటుంది, కరెంటు లేనప్పుడు మూసుకుని ఉంటుంది. ఇంజన్ వేడెక్కి స్థిరంగా నడుస్తున్నప్పుడు కంప్యూటర్ దీన్ని క్షణక్షణం తెరుస్తూ మూస్తూ మ్యానిఫోల్డ్ శూన్యంతో, అంటే ఇంజన్ గాలిని లాగే పీల్పుతో, కానిస్టర్‌లోని ఆవిరిని లాగి కాల్చేస్తుంది. రెండవది వెంట్ వాల్వ్. ఇది కానిస్టర్‌కూ బయటి గాలికీ మధ్య ఉంటుంది, మామూలుగా తెరిచే ఉంటుంది. ట్యాంకు ఊపిరి తీసుకునేదీ వదిలేదీ దీని గుండానే. ఈ రెండింటికీ తోడు ట్యాంకులో ఒత్తిడి కొలిచే సెన్సర్ ఒకటి ఉంటుంది. చాలా కార్లలో ఇంతకు మించిన బ్రహ్మవిద్య ఏమీ లేదు.

లీకు పరీక్ష అంటే ఈ రెండు తలుపులూ మూసి, లోపల కొంచెం శూన్యం గానీ ఒత్తిడి గానీ పుట్టించి, అది నిలుస్తుందో లేదో చూడడమే. 1996 మోడల్ నుంచి అమెరికాలో ఓబీడీ-2 (కారు తన లోపాలను తానే పరీక్షించుకునే ఏర్పాటు) తప్పనిసరి అయినప్పుడు మొదట 1 మిల్లీమీటరు వ్యాసమున్న రంధ్రాన్ని పట్టుకుంటే చాలన్నారు. 2000 మోడళ్ళ నుంచి క్రమంగా ఆ హద్దును 0.5 మిల్లీమీటరుకు దించారు. అర మిల్లీమీటరంటే సన్నని కుట్టుసూది మందం కూడా కాదు. అంతటి రంధ్రం ట్యాంకు, గొట్టాలు, మూత, వాల్వులు, ఓరింగులు (రబ్బరు వలయాలు) అన్నీ కలిపి ఎక్కడున్నా కంప్యూటర్ పసిగట్టాలి. పీ0456 అంటే ఈ అతి చిన్న లీకు. పీ0442 అంటే దానికంటే పెద్దదైన చిన్న లీకు, పీ0455 అంటే పెద్ద లీకు, పీ0457 మూత వదులు. ఈ కోడ్‌లు లీకు ఎంతో చెబుతాయి, ఎక్కడో చెప్పవు. మీ గ్యారేజీవారు కోడ్ చూసి కానిస్టర్ పేరు చెప్పారంటే, జ్వరం ఎంతుందో చూసి ఏ అవయవం తీసేయాలో చెప్పినట్టే.

ఆ పరీక్షను ఎవరు ఎలా చేస్తారనే దానిలో తేడాలున్నాయి, ఆ తేడాలు తెలియకపోతే రోగనిర్ధారణ దారితప్పుతుంది. కొన్ని కార్లు ఇంజన్ నడుస్తుండగానే వెంట్ మూసి, పర్జ్ తెరిచి, మ్యానిఫోల్డ్ శూన్యంతో ట్యాంకును లాగి, తర్వాత పర్జ్ కూడా మూసి ఆ శూన్యం ఎంత వేగంగా తగ్గుతుందో కొలుస్తాయి. ఇంకొన్ని ఇంజన్ ఆపిన తర్వాత ప్రకృతి చేత పని చేయిస్తాయి. బండి ఆపగానే సైలెన్సర్ వేడికీ రోడ్డు వేడికీ ట్యాంకు వేడెక్కుతుంది కాబట్టి రెండు తలుపులూ మూసి ఉంచితే లోపల ఒత్తిడి పెరగాలి, పెరిగితే పరీక్ష నెగ్గినట్టు. పెరగకపోతే వెంట్ ఒకసారి తెరిచి మూసి, ట్యాంకు చల్లబడుతున్నప్పుడు శూన్యం ఏర్పడుతుందేమో చూస్తుంది. ఏదీ రాకపోతే ఎక్కడో రంధ్రం ఉన్నట్టు లెక్క. మూడో రకం కార్లకు సొంత పంపు ఉంటుంది. టయోటాలో తాళం తీసిన 5 గంటల తర్వాత, ఇంజన్ అప్పటికీ చల్లబడకపోతే 7 గంటలకు, ఇంకా కుదరకపోతే 9.5 గంటలకు ఆ పంపు నిద్ర లేచి, మొదట ఒక ప్రామాణిక రంధ్రం గుండా గాలి లాగి ఆ ఒత్తిడిని గుర్తుపెట్టుకుంటుంది. తర్వాత ట్యాంకును లాగి ఆ రెంటినీ పోల్చుకుంటుంది. బీఎండబ్ల్యూలో ఇదే పోలికను పంపు మోటారు లాగే కరెంటుతో చేస్తారు. అర మిల్లీమీటరు రంధ్రం గుండా ఊదినప్పుడు ఎంత కరెంటు తీసుకుందో, ట్యాంకులోకి ఊదినప్పుడు దానికంటే తక్కువ తీసుకుంటే లీకుందని అర్థం. నాకు ఈ రంగంలో నచ్చిన తెలివైన ఏర్పాటు అదే, ఎందుకంటే దానికి ఒత్తిడి సెన్సర్ అక్కర్లేదు.

మీ కారు ఏ రకమో మీరు రాయలేదు, కాని కోడ్ రెండు వారాల తర్వాత ఎందుకు తిరిగి వచ్చిందో దీన్నిబట్టే అర్థమవుతుంది. ఈ పరీక్ష రోజూ జరగదు. ట్యాంకులో పెట్రోలు దాదాపు 15 నుంచి 85 శాతం మధ్య ఉండాలి, బయటి ఉష్ణోగ్రత చాలా కార్లలో సుమారు 4 నుంచి 35 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండాలి, అంతకుముందు తగినంత దూరం నడిచి ఉండాలి. ట్యాంకు మరీ నిండుగా ఉంటే ఆవిరికి చోటు లేక కొలత తప్పుతుంది, మరీ ఖాళీగా ఉంటే అంత చోటును నింపడానికి చాలా సేపు పడుతుంది. మన రెంటచింతల ఎండలాంటి డాలస్ జూలైలో పరీక్ష రోజుల తరబడి నడవకపోవడం మామూలే. ఆ తర్వాత నడిచినా మొదటిసారి తప్పితే కంప్యూటర్ మనసులోనే పెట్టుకుంటుంది, వరుసగా రెండోసారి తప్పితేనే లైటు వెలిగిస్తుంది. ఆరడం కూడా అంతే, వరుసగా మూడుసార్లు నెగ్గాలి. కాబట్టి మూత మార్చాక రెండు వారాలు లైటు రాకపోవడం మూత బాగుపడినందుకు సాక్ష్యం కాదు, అప్పటి వరకూ పరీక్ష జరగలేదంతే. ఈ రెండు వారాల మౌనాన్ని నమ్మి మూతలు కొనేవారు కోకొల్లలు.

ఇక ఫుల్ ట్యాంకు కొట్టించాక మొరాయించడం దగ్గరికి వద్దాం. అమెరికాలో 1998 మోడళ్ళ నుంచి దశలవారీగా కార్లకు ఇంకో బాధ్యత పెట్టారు, పెట్రోలు పోసేటప్పుడు వచ్చే ఆవిరిని కూడా కారే పట్టుకోవాలి. అందుకని మీరు ట్యాంకు నింపిన ప్రతిసారీ కానిస్టర్ ఒక్కసారిగా ఆవిరితో బరువెక్కుతుంది. పర్జ్ వాల్వ్ సరిగ్గా మూసుకుంటే ఆ ఆవిరి అక్కడే ఆగుతుంది. వాల్వ్ రబ్బరు సీటు అరిగినా, దాని మీద బొగ్గు నలుసు ఇరుక్కున్నా, ఆవిరి మ్యానిఫోల్డ్‌లోకి చేరి కూర్చుంటుంది. మీరు తాళం తిప్పగానే ఇంజన్‌కు గాలికి బదులు పెట్రోలు ఆవిరి అందుతుంది. కంప్యూటర్ దానికి తెలియక తన లెక్క ప్రకారం పెట్రోలు కొడుతుంది. మిశ్రమం మరీ చిక్కబడి అంటుకోదు. యాక్సిలరేటర్ కొంచెం తొక్కి స్టార్ట్ చేస్తే వెంటనే అందుకుంటే, అనుమానం మరింత బలపడుతుంది, ఎందుకంటే అప్పుడు గాలి ఎక్కువై మిశ్రమం పలచబడుతుంది. రెండు నిమిషాలు నడిచాక ఏమీ తెలియదు.

ఇదే వాల్వ్ మీ పీ0456కూ కారణం కాగలదు. ఇంజన్ ఆపి చేసే పరీక్షలో రెండు తలుపులూ మూసుకోవాలి కదా, పర్జ్ సీటు కొద్దిగా కారితే ట్యాంకు గాలి మ్యానిఫోల్డ్ గుండా, ఎయిర్ ఫిల్టర్ గుండా బయటికి పోతుంది. కంప్యూటర్‌కు అది మూతలోని రంధ్రంతో సమానమే. అలా కాకుండా ఇంజన్ నడుస్తుండగా పరీక్ష చేసే కారైతే ఇదే లోపం తలకిందులుగా కనిపిస్తుంది, శూన్యం తగ్గడానికి బదులు ఎక్కువవుతుంది, అప్పుడు పీ0496 అనే కోడ్ వచ్చే అవకాశముంది. వాల్వ్ ఒకనాడు సరిగ్గా కూర్చుని ఇంకోనాడు కూర్చోకపోవడం కూడా సహజమే. లైటు వచ్చిపోయే కేసుల్లో నేను మొదట చూసేది దీన్నే.

దీన్ని పరీక్షించడానికి మీకు ఎవరూ అక్కర్లేదు. చల్లటి ఇంజన్‌తో మొదలుపెట్టండి. ఇంటేక్ మ్యానిఫోల్డ్ దగ్గర రెండు సన్నని గొట్టాలు, రెండు వైర్లున్న ప్లగ్గు ఉన్న పిడికెడంత నల్లటి వాల్వ్ ఉంటుంది. ఆ ప్లగ్గు పీకి ఉంచి, కానిస్టర్ వైపు వెళ్ళే గొట్టాన్ని వాల్వ్ నుంచి విడదీసి, ఇంజన్ స్టార్ట్ చేసి ఐడిల్‌లో ఉంచి, వాల్వ్ నోటికి వేలు అడ్డం పెట్టండి. ప్లగ్గు లేనప్పుడు వాల్వ్ పూర్తిగా మూసి ఉండాలి, కాబట్టి వేలిని ఏమాత్రమూ లాక్కోకూడదు. కొద్దిగానైనా లాగితే వాల్వ్ కారుతోంది. ప్లగ్గు పీకినందుకు పీ0443 అనే కొత్త కోడ్ పడవచ్చు, దానికి కంగారు పడనక్కర్లేదు. వేలికి తెలియనంత సన్నగా కూడా కారవచ్చు, అందుకని వాల్వ్ విప్పి చేతి వాక్యూమ్ పంపును మ్యానిఫోల్డ్ వైపు తగిలించి లాగి, సూది ఐదు నిమిషాలపాటు కదలకుండా నిలుస్తుందేమో చూడడం నాకు ఎక్కువ నమ్మకమైన పద్ధతి. విప్పిన వాల్వ్‌ను తెల్లటి కాగితం మీద తట్టండి. నల్లటి నలుసులు రాలితే కథ కొంచెం పెద్దదే, దాన్ని తర్వాత చెబుతాను.

వాల్వ్ నిర్దోషి అని తేలితే పొగ పరీక్షకు వెళ్ళాలి. పొగ యంత్రం ఖనిజ తైలాన్ని వేడిచేసి దట్టమైన తెల్లటి పొగ పుట్టిస్తుంది, దాన్ని అర పీఎస్ఐ ఒత్తిడితో, అంటే సుమారు 35 సెంటీమీటర్ల నీటిమట్టానికి సరిపడే ఒత్తిడితో వ్యవస్థలోకి పంపుతారు. గట్టిగా ఊదితే మన నోరే అంతకంటే ఎక్కువ ఒత్తిడి పుట్టిస్తుంది. ఇంత తక్కువ ఎందుకంటే ఈ గొట్టాలు, ట్యాంకు, సెన్సర్ అన్నీ అంతకే తయారయ్యాయి. షాపు కంప్రెసర్ లైనులో 90 పీఎస్ఐకి పైగా ఉంటుంది. టైర్లకు గాలి కొట్టే పైపును ట్యాంకుకు తగిలించి లీకు వెతికినవాణ్ణి నేను చూశాను. ట్యాంకు ఉబ్బడం ఒక ప్రమాదమైతే, పెట్రోలు ఆవిరిలో గాలి కలపడం దానికి మించిన ప్రమాదం. మంచి షాపుల్లో పొగను నెట్టడానికి నైట్రోజన్ గానీ కార్బన్ డయాక్సైడ్ గానీ వాడతారు. మీరు ఇంటి దగ్గర తయారుచేసుకున్న పొగ డబ్బాలతో ట్యాంకు జోలికి వెళ్ళవద్దని గట్టిగా చెబుతున్నాను.

పొగ యంత్రంలో చాలామంది వాడని భాగం ఫ్లో మీటర్. గాజు గొట్టంలో ఒక చిన్న బంతి తేలుతుంది. ముందుగా యంత్రంతో వచ్చిన అర మిల్లీమీటరు నమూనా రంధ్రానికి తగిలించి బంతి ఎక్కడ నిలిచిందో గుర్తు పెట్టుకోవాలి, తర్వాత కారుకు తగిలించి వెంట్ వాల్వ్‌ను స్కానర్‌తో మూయించాలి. వ్యవస్థ నిండాక బంతి ఆ గుర్తుకంటే కింద ఆగితే కంప్యూటర్ పట్టించుకునేంత లీకు లేదు, పైన ఆగితే ఉంది. లీకుందని ఇలా నిర్ధారించుకున్నాకే పొగ ఎక్కడ వస్తోందో వెతకాలి. వెంట్ మూయడానికి ముందు అది తెరిచి ఉండగా కాసేపు పొగ పంపి, వెంట్ నోటి నుంచి బయటికి రానివ్వడం కూడా అవసరమే. అలా అయితేనే పొగ అన్ని మూలలకూ చేరుతుంది, వెంట్ దారి మూసుకుపోలేదని కూడా తెలుస్తుంది.

నేను ఒకసారి ఇక్కడే బోల్తాపడ్డాను. ఒక వ్యాను కింద రెండు గంటలు పడుకున్నాను, టార్చి వేసి ప్రతి జాయింటూ చూశాను, పొగ జాడ లేదు, మీటరులో బంతి మాత్రం పైన నృత్యం చేస్తోంది. విసుగెత్తి లేచి నిలబడితే ఎయిర్ ఫిల్టర్ డబ్బా అంచు నుంచి సన్నగా పొగ లేస్తోంది. పర్జ్ వాల్వ్ కారుతోంది, పొగ తన దారిన తాను ఇంజన్‌లోకి వెళ్ళిపోతోంది, నేను ట్యాంకు కింద వెతుకుతున్నాను. లీకు అంటే కిందే ఉంటుందన్న అపోహతో మీ కారును పరీక్షించేవారు ఎవరైనా సరే, త్రాటిల్ బాడీ (ఇంజన్‌లోకి గాలిని వదిలే ద్వారం) దగ్గర గొట్టం తీసి లోపలికి ఒకసారి టార్చి వేయమని అడగండి.

మిగతా చోట్లలో నా అనుభవం ప్రకారం ఎక్కువసార్లు దొరికేవి ఇవే. ట్యాంకు పైన పెట్రోలు పంపును బిగించే పెద్ద రింగు కింద ఉండే రబ్బరు సీలు, ముఖ్యంగా ఎవరో అంతకుముందు పంపు మార్చి పాత సీలునే తిరిగి వాడి ఉంటే. వెనక చక్రం పైనుంచి వెళ్ళే పెట్రోలు పోసే గొట్టం, అక్కడ మట్టి పేరుకుని లోపల తుప్పు తింటుంది, ఉప్పు చల్లే ఉత్తరాది రాష్ట్రాల్లో ఇది మొదటి అనుమానితుడు, టెక్సాస్‌లో అంతగా కాదు. మూత కూర్చునే అంచు మీద గీతలు, మూత ఎన్నిసార్లు మార్చినా అవి పోవు. కానిస్టర్ దగ్గర గొట్టాలు తొడిగే ప్లాస్టిక్ కొక్కేల్లోని ఓరింగులు. వెంట్ వాల్వ్ లోపలి సీటు. కానిస్టర్ డబ్బా పగలడం కూడా ఉంటుంది గానీ, దానికి రాయి తగలడమో, స్పీడ్ బ్రేకర్ మీద రాసుకోవడమో జరిగి ఉంటుంది, ఆ గుర్తు కంటికి కనిపిస్తుంది. కారణం కనిపించకుండా కానిస్టర్ మార్చమని చెప్పడాన్ని నేను ఒప్పుకోను.

కొన్ని లీకులు పగలు దొరకవు. చలికి గట్టిపడ్డ ఓరింగు ఎండలో మెత్తబడి మూసుకుంటుంది, అందుకే బండిని రాత్రంతా షాపులోనే ఉంచి తెల్లవారుజామున ఇంకా చల్లగా ఉండగానే పొగ పెట్టడం నాకు అలవాటు. ఒత్తిడితో పరీక్షించినప్పుడు మూసుకుని, శూన్యం వచ్చినప్పుడు తెరుచుకునే, పెదవిలా పలచటి అంచుండే రబ్బరు సీళ్ళు కూడా ఉన్నాయి. కారు శూన్యంతో పరీక్ష చేసుకునే రకమైతే, పొగలో ఏమీ కనిపించనంత మాత్రాన బండి బాగుందని చెప్పలేం. అప్పుడు స్కానర్‌తో ట్యాంకు ఒత్తిడి సెన్సర్ చూపే అంకెను గమనించాలి. మూత తీసి ఉంచినప్పుడు ఆ అంకె సున్నా దగ్గర ఉండాలి. మూత తెరిచినా సున్నా చూపకపోతే లీకు కాదు, అబద్ధం చెబుతున్నది సెన్సరే.

వెంట్ దారి మూసుకుపోయే లోపం మీకు లేదని అనుకుంటున్నాను, ఎందుకంటే అలాంటప్పుడు పెట్రోలు పోస్తుంటే బంకు గొట్టం చివరి తుపాకీ టప్ టప్ మని పదేపదే ఆగిపోతుంది, మీరు ఆ సంగతి రాయలేదు. అయినా సందర్భం వచ్చింది కాబట్టి చెబుతాను. 2011లో మాజ్డా సంస్థ తన మాజ్డా-6 కార్లను వెనక్కి పిలిపించింది. పసుపు రంగు సాలీడొకటి ఆ కారు వెంట్ గొట్టంలో గూడు అల్లుతోంది, దాంతో పర్జ్ లాగినప్పుడల్లా ట్యాంకులోకి గాలి రాక శూన్యం పెరిగి ట్యాంకు పగిలే ప్రమాదం ఏర్పడింది. 2014లో ఇంకొన్ని మోడల్ సంవత్సరాల కార్లకు మళ్ళీ అదే పని చేయవలసి వచ్చింది. హైడ్రోకార్బన్ల వాసనకు ఆ సాలీడు ఆకర్షితమవుతుందట. వెంట్ గొట్టం చివర వేలెడంత జల్లెడ ఎందుకు పెడతారో ఆ కథ విన్నాక ఎవరికీ వివరించనక్కర్లేదు.

ఇందాక వాయిదా వేసిన నల్ల నలుసుల విషయం. పెట్రోలు తుపాకీ టప్ మని ఆగాక కూడా ఇంకో రెండు గుక్కలు పోయించే అలవాటు మనవాళ్ళలో చాలామందికి ఉంది, బిల్లు రౌండు ఫిగరు కావాలని కొందరు, మైలేజీ లెక్క సరిగ్గా రావాలని కొందరు. తుపాకీ ఆగాక పోసే పెట్రోలు ఆవిరి గొట్టంలోకి ఎక్కి ద్రవంగానే కానిస్టర్‌లో దిగుతుంది. బొగ్గు ఆవిరి కోసం పుట్టింది, ద్రవానికి కాదు. తడిసిన బొగ్గుకు మళ్ళీ ఆవిరిని పట్టే శక్తి బాగా తగ్గిపోతుంది, పదేపదే తడిస్తే గుళికలు చిట్లి పొడి అవుతాయి, ఆ పొడి పర్జ్ వాల్వ్ సీటు మీద చేరి దాన్ని మూసుకోనివ్వదు. మీ వాల్వ్ నుంచి నలుసులు రాలితే మాత్రమే నేను గ్యారేజీవారి మాటకు వస్తాను, అప్పుడు కానిస్టర్, వాల్వ్ రెండూ మార్చి, మధ్య గొట్టాన్ని కడగాలి. ఒక్క వాల్వే మారిస్తే కొత్తదాన్ని కూడా అదే పొడి పాడుచేస్తుంది. తడిసిన కానిస్టర్ విప్పి చేత్తో ఎత్తి చూసినా బరువు తేడా తెలుస్తుంది.

ఇక్కడే ఊరి నుంచి చదివేవారికి ఒక మాట. ఇండియాలోని కార్ల ఓబీడీ యూరప్ పద్ధతిని అనుసరించింది, అందులో పర్జ్ వాల్వ్ వైరింగు తెగిందో లేదో చూస్తే సరిపోతుంది, అర మిల్లీమీటరు రంధ్రం వెతకమని నియమం లేదు. అందుకని హైదరాబాదులో మీ కారుకు పీ0456 రావడం అరుదు, కాని పర్జ్ వాల్వ్ కారడం, ఫుల్ ట్యాంకు తర్వాత మొరాయించడం అక్కడా అంతే మామూలు. 2020 ఏప్రిల్ నుంచి వస్తున్న బీఎస్-6 ద్విచక్ర వాహనాల్లో కూడా చిన్న కానిస్టర్ ఉంటుంది. అనవసరమైన డబ్బా అని దాన్ని పీకేసి గొట్టం చివర స్క్రూ బిగించే మెకానిక్కులు ఉన్నారు. ట్యాంకు ఊపిరి దారి కూడా దాంతోపాటే మూసుకుపోతే, అరగంట నడిచాక బండి పెట్రోలు అందక ఆగిపోతుంది. మూత తెరిస్తే బుస్సుమని గాలి పీల్చుకుని మళ్ళీ నడుస్తుంది. ఆ లక్షణం చూసి కార్బురేటరో ఇంజెక్టరో శుభ్రం చేయించుకున్నవారు నాకు చాలామంది తెలుసు.

తిరిగి మీ తనిఖీ సంగతి. టెక్సాస్‌లో 2025 జనవరి 1 నుంచి మామూలు కార్లకు సేఫ్టీ తనిఖీ తీసేసినా, డాలస్ చుట్టుపక్కల కౌంటీలతో సహా కొన్ని కౌంటీల్లో ఎమిషన్ పరీక్ష అలాగే ఉంది. చెక్ ఇంజన్ లైటు వెలిగి ఉంటే తప్పుతారు. కోడ్ చెరిపి నేరుగా వెళ్ళినా తప్పుతారు, ఎందుకంటే చెరపగానే కంప్యూటర్ తన స్వీయ పరీక్షలన్నిటినీ పూర్తికానివిగా గుర్తుపెడుతుంది. బ్యాటరీ తీగ పీకినా అదే ఫలితం. 2001 నుంచి వచ్చిన మోడళ్ళకు ఒక్క పరీక్ష మాత్రమే పూర్తికాకుండా ఉండవచ్చు. అన్నిటికంటే ఆలస్యంగా పూర్తయ్యేది ఈ ఆవిరి పరీక్షే కనుక, వెసులుబాటు సాధారణంగా దీనికే ఖర్చవుతుంది. కాలిఫోర్నియాలోనైతే 2000, ఆ తర్వాతి మోడల్ పెట్రోలు కార్లకు ఆ మినహాయింపు ఆవిరి పరీక్షకే రాసిపెట్టారు. లీకు అలాగే ఉంచి ఈ సందులోంచి దాటిపోవచ్చు కదా అని మీరు అనుకుంటున్నారేమో. దాటవచ్చు, కాని మీ స్టార్టింగ్ సమస్య అలాగే ఉంటుంది, పైగా పర్జ్ వాల్వ్ మార్చడానికి సాధారణంగా కానిస్టర్‌కయ్యే ఖర్చులో చిన్న వంతే అవుతుంది.

కాబట్టి ఈ ఆదివారం పొద్దున్నే వేలి పరీక్ష చేయండి. లాగితే కంపెనీ వాల్వ్ కొనండి, చవక వాల్వులు కొత్తవే కారడం నేను ఎన్నోసార్లు చూశాను. లాగకపోతే ఫ్లో మీటర్ ఉన్న పొగ యంత్రం ఎవరి దగ్గరుందో ఫోనులోనే అడిగి వెళ్ళండి, ఆ ప్రశ్నకు తడబడే షాపును వదిలేయండి. మరమ్మతు అయ్యాక ఒకసారి కోడ్ చెరిపించి, ట్యాంకు సగం దగ్గర ఉంచి, రోజూ ఆఫీసుకు వెళ్ళివచ్చినట్టే నడపండి, రాత్రి ఎనిమిది పది గంటలు కదపకుండా నీడలో ఉంచండి. వారం తర్వాత చిన్న స్కానర్‌తో ఆవిరి పరీక్ష పూర్తయిందని చూపిస్తోందో లేదో చూసుకుని అప్పుడు తనిఖీకి వెళ్ళండి. పూర్తి కాకముందే మాత్రం ఫుల్ ట్యాంకు కొట్టించకండి, 85 శాతం దాటితే ఆ రాత్రి పరీక్ష జరగదు.